తగవునాటి కబురు

పాఠశాలలో తగవు పుట్టిన దినమున ఉపాధ్యాయుడు మొదట చేయు పని తలిదండ్రులకు చీటి వ్రాయుట. ఆ చీటిని తీసికొనిపోవువా డెవడు? తగవులాడిన బాలుడే. ఇంట చదువనేర్చినవా డెవడు? మన బెల్లంకొండ ప్రాంతమున పెక్కిండ్లలో వాడే. తన నేరమును తానే చదివి వినిపించు భారమును వానిపై మోపి, మరునాడు తండ్రి రాలేదని మనము కోపగించుచున్నాము. పల్నాటి కథలో రాయబారిగా వెడలిన అలరాజు విషముచే మడిసెనని చెప్పుదురు. మన రాయబారికి అట్టి భయము లేదు; చీటిని చింపివేయుటకు దారిలో వానికి కావలసినంత తావు కలదు.

ఇప్పుడు చీటికి మారుగా సెల్‌ఫోను వచ్చినది. అయినను చిక్కు తీరలేదు. పిల్లవాడు వ్రాసి యిచ్చిన నంబరు ఒక్కొక్కప్పుడు వాని యన్నదై యుండును. చదువురాని తల్లికి చీటి యెట్టిదో వాట్సాప్ సందేశమును అట్టిదే. తరగతి తలిదండ్రులందరు నుండు గ్రూపులో ఒక బాలుని తప్పును పెట్టుట యన్ననో, అది ఊర దండోరా వేయించుటయే.

నేను చేసిన పొరపాటునే చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట వేరొక పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలు రిద్దరు కూర్చుండు చోటుకై కలియబడిరి. ఒకని పెదవి చిట్లెను. మరునాడు పదిగంటలకు రావలసినదని ఇరువురి తండ్రులకు ఆ బాలురచేతనే కబురంపి, నా పని యయినదని యింటికి బోతిని. అవి మిరప కోతల దినములు. పదిగంటలకు బడికి వచ్చుట యనగా ఆనాటి కూలి పోగొట్టుకొనుటయే. ఆ రాత్రి ఒక్కొక్క యింట ఒక్కొక్క కథ నడిచెను. తెల్లవారునప్పటికి ఇద్దరు తండ్రులకు బదులు రెండు వీధులు వచ్చి నిలిచెను. మన యూళ్లలో వీధి యనగా నేమో చదువరులకు చెప్పనక్కరలేదు. నేను మొదట ఎవరు కొట్టిరని విచారించుచుండగా, వెనుకనుండి ఒక తల్లి, "సారూ, నిన్న సందేళే మీరొచ్చి ఒక్క మాట చెప్పుంటే ఇంతమందిమి వచ్చేవాళ్లమా?" అనెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

కావున నా యభిప్రాయ మిది: కబురు పిల్లవానికంటె ముందుగా ఇల్లు చేరవలెను, ఉపాధ్యాయుని నోటనే చేరవలెను. తాను చూచినది వేరుగను, విన్నది వేరుగను చెప్పి, ఒక యింట నేమాట చెప్పెనో రెండవ యింటను అదే చెప్పవలెను. దెబ్బ తిన్నవాని యింటికి ముందు పోవలెను.

సత్తెనపల్లినుండియో గుంటూరునుండియో బస్సున వచ్చిపోవు ఉపాధ్యాయుడు సాయంకాలము ఇండ్ల వెంట తిరుగగలడా యని మిత్రులు నన్నడిగిరి. ప్రతి చిన్న కలహమునకును తిరుగనక్కరలేదు. నెత్తురు కనబడినప్పుడు, కులము పేరు నోట వచ్చినప్పుడు, ఉపాధ్యాయుడే చేయి చేసికొన్నప్పుడు మాత్రము ఆనాటి బస్సు తప్పిపోయినను ఫరవాలేదు. కడపటిది మిక్కిలి కష్టము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 17వ సెక్షనున దేహదండనమును, మానసిక వేధింపును నిషేధించినది. కొట్టినవాడు ఆ సంగతి దాచజూచుట మనుష్యస్వభావమే; కాని బాలుని వీపు దాచదు.

2024 డిసెంబరు 7వ తేదీన రాష్ట్రమందలి ప్రభుత్వ పాఠశాలలలో ఒక్కనాడే తలిదండ్రుల సమావేశములు జరిగినవి. మంచి పనియే. ముగ్గులు, ఆటలు, భోజనముల నడుమ తగవు మాట యెత్తుట కుదురదు గాని, ఆనాడు ముఖమెరిగిన తల్లి తగవునాడు మన మాట నమ్మును.

రాబోవు మిరప కోతలకు ముందుగా మన పాఠశాలలో ఒక పుస్తకము పెట్టవలెనని కోరుచున్నాను. ప్రతి బాలుని యింట ఫోను ఎవరిది, చదువ నేర్చినవా రెవరు, పొలమునుండి వారు తిరిగివచ్చు వేళ యేది — ఈ మూడు సంగతులును అందుండిన చాలును. నా తరగతివారి పేళ్లు వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను.