ముక్కుపుడకా... పరీక్ష హాలూ

జంగారెడ్డిగూడెం వైపు ఆడపిల్లకి ముక్కు కుట్టించడమంటే ఇంటిల్లిపాదికీ ముచ్చటే. కానీ ఆ ముచ్చట నీట్ పరీక్షకు ముందు పెట్టుకుంటే తంటా. ముక్కుపుడకతో పరీక్ష హాల్లోకి రానివ్వరు. తీస్తే పూడుకుపోతుందేమోనని తల్లి బెంగ.

ఆ బెంగ ఉత్తదేం కాదు. కంసాలి కుట్టినా, డాక్టరు కుట్టినా పైకి మానినట్టు కనిపించే ముక్కు లోపల పూర్తిగా మానడానికి 4 నుంచి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా తీస్తే కొన్ని గంటల్లోనే రంధ్రం బిగుసుకుపోవచ్చు. పుడక తిరిగి ఎక్కకపోతే బలవంతంగా దూర్చకండి, వేపపుల్ల గుచ్చకండి. చీము పట్టొచ్చు. డాక్టరుకి చూపించండి.

అందుకే అమ్మలూ, పరీక్ష అయ్యాకే కుట్టించండి.

అయితే ఎప్పుడూ సర్దుకోవాల్సింది ఆడపిల్లలేనా? డర్బన్‌లో చదివే దక్షిణ భారత సంతతి బాలికను బడిలో పుడక తీసెయ్యమనడం వివక్షేనని 2007లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. మన దగ్గరా కొత్తగా కుట్టిన పుడకను పరీక్షించి, పైన టేపు అంటించి లోపలికి పంపితే పోయేదేముంది? ఆ పూట పిల్ల ధ్యాస ప్రశ్నపత్రం మీద ఉండాలి గానీ ముక్కు మీద కాదు.