చెట్లు మిగిలిన ఊళ్ళు

పోలండులో ‘గ్మీనా’ అంటే ఇంచుమించు మన మండలం వంటిది. దేశం మొత్తం మీద అవి 2,400 పైచిలుకు. వాటిలో ఆగ్నేయపు కొసన, ఉక్రెయిన్ సరిహద్దును ఆనుకొని వున్న లుతొవీస్క తీరే వేరు. విస్తీర్ణం సుమారు 475 చదరపు కిలోమీటర్లు. జనం 2,000కి కాస్త అటూ ఇటూ. అంటే చదరపు కిలోమీటరుకు పట్టుమని అయిదుగురు లేరన్నమాట! కొండలూ అడవీను, అక్కడ మనుషులెందుకుంటారని అనుకునేరు. ఒకప్పుడు నిండుగా వుండేవారు.

లుతొవీస్క పశువుల సంత ఆ చుట్టుపట్ల పేరుపడ్డది. ఊళ్ళో యూదులు ఎక్కువ. పల్లెల్లో బోయ్కోలని కొండరైతులు, ఉక్రెయిన్ యాస వాళ్ళది. పోలులు కొందరు. ప్రార్థన ఎవరిది వారిదే గాని, సంత మాత్రం అందరిదీను.

1942 జూన్‌లో నాజీలు 600 మందికి పైగా యూదులను అక్కడే కాల్చి చంపారు. యుద్ధం ముగిశాక సాన్ నది సరిహద్దయింది. పడమటి గట్టు పోలండుది. లుతొవీస్కతో సహా తూర్పు గట్టు సోవియట్ యూనియన్‌ది. తిరుగుబాటుదారులకు తిండి పెడుతున్నారన్న నేరం మోపి, పడమటి గట్టు బోయ్కోలను 1947 నాటికి ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. తూర్పు గట్టువారు, మనం బతికిపోయామనుకున్నారు కాబోలు!

1951లో ఉభయ ప్రభుత్వాలూ చెరి 480 చదరపు కిలోమీటర్ల నేల మార్చుకున్నాయి. సొకాల్ వైపు బొగ్గున్న నేల సోవియట్‌కు పోయింది, ఈ కొండలు పోలండుకు వచ్చాయి. కొండల మీది మనుషులను మాత్రం ఎక్కడో దక్షిణ ఉక్రెయిన్ మైదానాలకు రైలెక్కించారు. సొకాల్ వైపున లేవగొట్టిన పోలులను తెచ్చి ఈ ఖాళీ యిళ్ళలో దింపారు. వారూ ఇష్టపడి వచ్చినవారు కారు. కాగితం మీద లెక్క సరిపోయింది!

స్మోల్నిక్‌లో 1791 నాటి చెక్క చర్చి ఒకటి గట్టిగా నిలిచింది. 2013లో యునెస్కో జాబితాకు కూడా ఎక్కింది. దాన్ని కట్టుకున్న వారి సంతతి అక్కడ లేదు.

త్సరిన్‌స్కియె అనే ఊరు ఇప్పుడు వట్టి పచ్చిక బయలు. అయినా ఇల్లెక్కడ వుండేదో వసంతంలో ఇట్టే తెలుస్తుంది. అడవిలో లేని ఆపిల్, ప్లమ్ చెట్లు అక్కడక్కడ గుంపులుగా పూస్తాయి. అవి పెరటి చెట్లు. ఆకు రాలే కాలంలో ఆ పళ్ళు కోసేవారు లేరు; ఎలుగుబంట్లు వచ్చి తింటాయి.