నిశ్వాసము కూడ ఎంగిలియే

తెలుగు లోగిళ్ళలో పసిపిల్లలకు మొట్టమొదట నేర్పబడు శౌచనియమము ఎంగిలికి సంబంధించినది. ఒకరు కొరికిన పండును మరొకరు తినరాదు. నోరానించి త్రాగిన చెంబుతో దేవునికి నీరు పెట్టరాదు. నైవేద్యమునకు ఉద్దేశించిన అన్నమును వాసన చూడరాదు, దీపమును నోటితో ఊది ఆర్పరాదు. అగ్నిని నోటితో ఊదుటను మనుస్మృతి చతుర్థాధ్యాయము నిషేధించినది. నోటినుండి వెలువడునది పవిత్రవస్తువును గాని పరులను గాని చేరరాదనునదే ఈ నియమములన్నిటి అంతరార్థము. అయినను జ్వరముతో, దగ్గుతో ఉన్న వ్యక్తి దర్శనపు వరుసలో నిలిచి తుమ్మినపుడు దానిని ఎవరును ఎంగిలిగా భావింపరు. కంటికి కనబడకపోవుటయే దానికి కారణము.

ఇట్టి నియమములను చూపి ప్రాచీనులకు వైరసుల సంగతి తెలియునని వాదించుట సత్యమునకు దూరము. మనుష్యులనుండి ఇన్‌ఫ్లుయెంజా వైరసు వేరుచేయబడినది 1933లో మాత్రమే. అయితే కొన్ని వ్యాధులు ఒకరినుండి ఒకరికి సంక్రమించునను పరిశీలన భారతీయ వైద్యులకు పూర్వమే ఉండెను. సుశ్రుతసంహిత నిదానస్థానమునందలి కుష్ఠనిదానాధ్యాయము జ్వరము, శోషము, నేత్రాభిష్యందము మొదలగు వ్యాధులు శరీరస్పర్శవలనను, నిశ్వాసమువలనను, సహభోజనమువలనను, శయ్యాసనములను వస్త్రమాల్యములను పంచుకొనుటవలనను సంక్రమించునని చెప్పినది. స్పర్శతోపాటు నిశ్వాసము కూడ అందు పేర్కొనబడుట గమనింపదగినది.

సంక్రమణశక్తి అన్ని వ్యాధులకు సమానము కాదు. తట్టు సోకిన ఒక్క బిడ్డ, ఆ వ్యాధికి రక్షణ లేని జనసమూహమున, సగటున 12 నుండి 18 మందికి దానిని అంటింపగలడు. ఆ బిడ్డ గదినుండి వెడలిన పిదప కూడ రెండు గంటలవరకు ఆ వైరసు గాలిలో నిలువగలదు. 2020లో వ్యాపించిన తొలి కొరోనా వైరసు విషయమున ఆ సంఖ్య రెండు మూడు. సాధారణమైన ఫ్లూ జ్వరమునకు ఒకటికంటె కొంచెము ఎక్కువ మాత్రమే. సంఖ్య చిన్నదని ఫ్లూను తేలికగా తీసికొనరాదు. 1918లో బొంబాయి రేవుద్వారా దేశమున ప్రవేశించిన ఇన్‌ఫ్లుయెంజా కోటికి పైగా భారతీయులను బలిగొన్నది. ఫ్లూ సోకినవాడు లక్షణములు కనబడుటకు ఒక దినము ముందునుండియే ఇతరులకు అంటింపగలడు. లక్షణములు కనబడిన పిమ్మట సుమారు 5 నుండి 7 దినములవరకు ఆ శక్తి ఉండును. ఈ దేశమున ఫ్లూ ఉద్ధృతి ఏటా రెండుమారులు కనబడును, జనవరి మార్చి నడుమ ఒకమారు, వర్షాకాలము ముగియు వేళ మరొకమారు. మహాశివరాత్రి మొదటిదానియందే వచ్చును. ముక్కోటి ఏకాదశి దాని ముంగిటనో, దానిలోనో పడును.

ఇక ఆలయమును చూడుడు. గర్భాలయమునకు ఒకటే ద్వారము, గవాక్షములుండవు. అభిషేకము చూచుటకై అంతరాలయమున పదిపదిహేనుమంది భుజములు రాసికొనుచు గంటసేపు కూర్చుందురు. అర్చకుడు నమకచమకములను ఉచ్చైస్స్వరమున పఠించును. మెల్లగా మాటలాడునప్పటికంటె బిగ్గరగా పఠించునపుడు నోటినుండి సూక్ష్మబిందువులు అధికముగా వెలువడును. పిదప హారతి. భక్తుడు ఇనుపకమ్మిని, ఘంటను, స్తంభమును తాకిన చేతులనే జ్వాలపై ఆనించి కన్నుల కద్దుకొనును. అదే చేతితో తీర్థము పుచ్చుకొనును. చేయి కన్నులను, నోటిని తాకు సందర్భములు ఆలయమున ఇన్ని ఉండగా, ప్రవేశద్వారమువద్ద కుళాయి క్రింద కాళ్ళు మాత్రము తడుపుకొని లోనికి పోవువారే ఎక్కువ. ఆ కుళాయివద్ద ఒక సబ్బు ఉంచి, ఇరువది సెకండ్లు చేతులు రుద్దుకొనుడని వ్రాసిన పలక తగిలించుటకు ఏ ఆగమమును అడ్డురాదు. శఠారి తలకు తగులునని భయపడువారు కలరు. ఆ భయమునకు ఆధారము స్వల్పము. గాలి కదలని మండపమున పరస్పరము శ్వాసించుటయే అసలు భయహేతువు. అభిషేకదర్శనమును గాలి ప్రసరించు ముఖమండపమునుండి ఏర్పాటు చేసినచో సగము చిక్కు తొలగును.

దైవసన్నిధిలో రోగమంటదని కొందరి విశ్వాసము. భక్తి గొప్పదే. కాని దేహము దేహధర్మమును వీడదు. హారతిజ్వాల భక్తుని వేలినైనను కాల్చును. 2020 జులైలో తిరుమల అర్చకులలో పలువురికి కొరోనా సోకినది. స్వామికి అంతకంటె సమీపమున నిలుచువారెవరు? కర్పూరధూమము, హోమధూమము వైరసును హరించునని ప్రచారము చేయుట కూడ ధర్మమునకు మేలుచేయదు. హోమము దేవతాప్రీతికి విహితము. దానిని ఔషధముగా అమ్మజూపిన పక్షమున, రోగము తగ్గనినాడు నింద వేదముపై పడును. ఉబ్బసమున్నవారికి ఆ పొగయే బాధాకరము.

జబ్బుతోనైనను వచ్చి తీరవలెనను పట్టుదల వెనుక, రాకపోవుట అపచారమను భావన ఉన్నది. కాని సంప్రదాయమునందే దూరముగా నుండు విధి కలదు. పురుడు వచ్చినను, మైల వచ్చినను అర్చకుడు పది దినములు గర్భాలయమును తాకడు. ఎవరును తప్పుపట్టరు. వేరొక అర్చకుడు వచ్చును, నిత్యకైంకర్యము ఆగదు. ఇంటిలో అమ్మవారు పోసినదనగా గుమ్మమునకు వేపమండలు కట్టి, ఆ ఇంటివారు ఇతరుల గడప తొక్కక, ఇతరులను తమ గడప తొక్కనీయక ఉండుట పల్లెలలో పెద్దలెరిగిన ఆచారము. జ్వరముతో దగ్గుచున్న వానికి ఆ మర్యాదనే ఇచ్చుటలో నూతనమేమున్నది? 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తుల దర్శనము నిలిచినను కైంకర్యములు ఏకాంతముగ సాగినవి. ఆ ఏప్రిల్ 2న భద్రాద్రి సీతారామకల్యాణము భక్తులు లేకయే జరిగినది. దానివలన స్వామివారి వైభవమునకు ఏమి లోటు వచ్చినది? శంకర భగవత్పాదుల పేర ప్రసిద్ధమైన శివమానసపూజాస్తోత్రము మంచముపైనున్నవానికి కూడ అర్చనాధికారము నిచ్చుచునే ఉన్నది.

ఇచట ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. కొరోనా కాలమున కొందరు ఈ దూరమును చూపి, పూర్వపు అంటరానితనము సైతము విజ్ఞానసమ్మతమేనని పలికిరి. అది అసత్యము, అధర్మము. వైరసు గోత్రమడుగదు. వ్యాధివలన పాటించు దూరము కొన్ని దినములది, జన్మనుబట్టి ఏర్పడునది కాదు. అర్చకునికి సైతము, ఆ మాటకు వచ్చినచో అర్చకునికే ముందుగా, వర్తించునది.

దగ్గు స్వల్పమై, కైంకర్యము తప్పనిసరియైనచో నోటికి ముక్కునకు శుభ్రమైన వస్త్రమో మాస్కో కట్టుకొనవలెను. శ్వేతాంబర జైనులలో విగ్రహారాధకులు పూజాసమయమున నోటికి వస్త్రము కట్టుకొనుట అనాదరముగా ఎవరికిని తోచదు. దీక్షాకాలమున అయ్యప్ప పీఠములలో ఇరుకుగదులయందు భజనచేయు స్వాములు కిటికీలు తెరచి ఉంచవలెను. జ్వరము వచ్చినను చన్నీటిస్నానముచేసి పీఠమునకు పోవుటను నిష్ఠగా పొగడువారిని పట్టించుకొనరాదు. వృద్ధులు వైద్యుని సలహాతో ఏటా ఫ్లూ టీకా వేయించుకొనుట వ్రతభంగము కాదు.

ఇంత చెప్పినను చిన్న ఆలయపు అర్చకుని చిక్కు తీరదు. పెద్ద క్షేత్రములలో వంతులవారున్నారు. పల్లెలోని రామాలయమున ఒక్కడే అర్చకుడు. ధూపదీపనైవేద్య పథకపు మొత్తము, హారతిపళ్ళెమున పడునది, ఇంతే అతని జీవనము. ఐదు దినములు ఇంటనుండినచో ఆ పళ్ళెము ఖాళీ. అందుచేతనే జ్వరమును దాచి, తాత్కాలికోపశమనపు మాత్ర వేసికొని, తీర్థపాత్ర చేతబట్టును. ఆలయ కమిటీవారు రెండుమూడు గ్రామముల అర్చకులు ఒకరి కొకరు బదులు వచ్చునట్లు ముందే మాట్లాడి ఉంచి, ఆ ఐదు దినముల భృతిని హుండీనుండి ఇచ్చునట్లు తీర్మానము వ్రాసికొనవలెను. బదులు వచ్చినవానికి దారిఖర్చు వేరుగా చెల్లింపవలెను.