నందుల సీమలో తెల్లగిత్త

శివరాత్రి తిరునాళ్లకు మహానంది వెళ్లినవాళ్లు ముందుగా కోనేట్లో మునుగుతారు. తర్వాత స్వామి దర్శనం. ఆ తర్వాత సగంమంది కాళ్లు వాటంతటవే బండలాగుడు పోటీల వైపు నడుస్తాయి!

కాడికి కట్టిన జత ఒక్కసారిగా ముందుకు వంగుతుంది. మెడ నరాలు బిగుసుకుంటాయి. మూపురం ఓ పక్కకు ఒరుగుతుంది. క్వింటాళ్ల కొద్దీ బరువున్న బండరాయి దుమ్ము రేపుకుంటూ కదులుతుంది. నిర్ణీత సమయంలో ఏ జత ఎక్కువ అడుగులు లాగితే దానిదే గెలుపు. బరి చుట్టూ ఈలలు, కేకలు. తెల్లటి గిత్త బరిలోకి వచ్చిందంటే మాత్రం జనం ఓ క్షణం అరవడం కూడా మరిచిపోయి చూస్తారు.

అదీ ఒంగోలు జాతి గిత్త దర్జా.

నంద్యాల పేరులోనే నంది ఉంది. ఊరి చుట్టూ నవనందులు. బనగానపల్లె దగ్గర యాగంటిలో ఏటికేడు పెరుగుతాడని జనం నమ్మే బసవన్న. ఆళ్లగడ్డలో ఉలి పట్టిన శిల్పుల చేతుల్లో రాతి నందులు ప్రాణం పోసుకుంటూనే ఉంటాయి. ఈ సీమలో రాతి నందులకు కొదవలేదు. ప్రాణమున్న నందుల సంగతే ఆలోచించాల్సి వస్తోంది.

కాటుక పెట్టినట్టుండే కళ్లు

ఈ జాతి పుట్టిల్లు నల్లమలకు ఆవలివైపు. నంద్యాల నుంచి ఘాట్‌రోడ్డు దాటి గిద్దలూరు మీదుగా వెళితే ఒంగోలు సీమ వస్తుంది. గుండ్లకమ్మ, పెన్న నదుల మధ్య నేలల్లో తరతరాలుగా రైతులే ఈ పశువులను ఎంచి ఎంచి పెంచుకొచ్చారు.

ఒంగోలు గిత్తను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒళ్లంతా తెలుపు. మగవాటికి మెడ, మూపురం దగ్గర బూడిదరంగు నీడ. పొట్టి కొమ్ములు. కాటుక దిద్దినట్టు కంటిచుట్టూ నలుపు. మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. బాగా ఎదిగిన గిత్త 500 కిలోల పైనే తూగుతుంది. మండుటెండను తట్టుకుంటుంది. జోరీగలు, పిడుదుల బాధ కూడా దీనికి తక్కువే. అంత పెద్ద శరీరం ఉన్నా యజమాని గొంతు వింటే పిల్లిలా తలవంచుతుంది.

నంద్యాల, ఆళ్లగడ్డల నల్లరేగడికి ఇలాంటి పశువే కావాలి. వానపడితే కాలు పీకనివ్వని నేల, ఎండితే బీటలు వారే నేల. ఇందులో గుంటక తోలాలన్నా, గొర్రు లాగాలన్నా బక్క ఎద్దులతో అయ్యే పని కాదు. అందుకే కొండ దాటించి మరీ ఈ గిత్తలను తెచ్చుకున్నారు. ఇంటి ముందు తెల్లటి జత ఉంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి ఇక వేరే ఆరా అక్కర్లేదనుకునే రోజులవి.

ట్రాక్టర్ వచ్చాక...

ట్రాక్టర్ వచ్చింది. కాడి అటకెక్కింది. నెలల తరబడి పనిలేని జతకు రోజూ ఉలవలు, పత్తిగింజలు, జొన్నచొప్ప పెట్టే స్తోమత ఎందరికుంటుంది? ఒక్కో ఇంట్లోనే గాటిపాడు ఖాళీ అయింది.

మిగిలినవాటిని చాలావరకు కాపాడుతున్నవి ఈ పోటీలే. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు. సేద్యపు ఎద్దులకు వేరే విభాగం. గెలిచిన జత పేరు జిల్లాలు దాటి వినిపిస్తుంది. గెలిచిన సొమ్ము దాణాకే సరిపోదని తెలిసినా గిత్తను వదులుకోని రైతులున్నారు. వాళ్లకది వ్యాపారం కాదు, ప్రాణం.

అయితే పోటీ పేరుతో ములుగర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం గిత్త మీద ప్రేమ అనిపించుకోవు. జంతువులను హింసించకూడదని 1960 నాటి చట్టమే చెబుతోంది. కర్ర తాకకుండా గొంతుతోనే జతను నడిపించేవాడికే అసలైన మర్యాద దక్కాలి.

సముద్రాలు దాటిన సంతానం

మన దగ్గర పనిపోయిన ఈ జాతి బ్రెజిల్‌లో మహారాజులా ఉంది. అక్కడ దాని పేరు ‘నెలోర్’. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది మరి! 19వ శతాబ్దంలో ఓడలెక్కి వెళ్లిన కొద్దిపాటి పశువులతో మొదలై, 1960ల తొలినాళ్లలో వెళ్లిన మేలుజాతి గిత్తలతో ఆ మంద బలపడింది. వాటిలో ‘కర్వాది’ అనే గిత్త సంతానం అక్కడి మందల్లో విస్తారంగా పాకింది. ఆ పేరు ఒంగోలు దగ్గరి కరవది గ్రామానిదే. అక్కడ వీటిని పెంచేది ప్రధానంగా మాంసం కోసం. మన రైతు మనసుకు అది రుచించకపోవచ్చు. కానీ ఏ పశువుకు ఏ తల్లి, ఏ తండ్రి అన్నది వాళ్లు పుస్తకాల్లో రాసి పెట్టుకున్నారు. అసలు పాఠం అక్కడుంది.

ఇలాంటి కథే స్పెయిన్ గుర్రానిది. ఆండలూసియా ప్రాంతంలో పుట్టిన ఆ గుర్రానికి వంపు తిరిగిన మెడ, ఒత్తయిన జూలు, ఎక్కువగా తెలుపు లేదా బూడిద రంగు. చూడగానే రాజసం, స్వభావం మాత్రం నెమ్మది. అంటే మన గిత్త లక్షణాలే! 1567లో రాజు రెండో ఫిలిప్ కార్డోబాలో వాటికోసం ప్రత్యేకంగా అశ్వశాలలు పెట్టించాడు. స్పెయిన్ నౌకలతో అమెరికా ఖండాలకు వెళ్లిన గుర్రాలు అక్కడ ఎన్నో జాతులకు మూలమయ్యాయి. తర్వాత యుద్ధాల్లో గుర్రానికి పనిపోయింది. అయినా ఆ జాతి చెదిరిపోలేదు. 20వ శతాబ్దం ఆరంభంలోనే వంశావళి పుస్తకం తెరిచారు. అందులో పోతు గుర్రంతోపాటు ఆడ గుర్రం పేరు కూడా ఎక్కుతుంది.

మరి ఆవు మాటేమిటి?

మన దగ్గర లోటు ఇక్కడే. చప్పట్లన్నీ గిత్తకే. దాన్ని కన్న ఆవు ఏదని అడిగేవాళ్లు తక్కువ. ఒంగోలు ఆవు పాలు తక్కువిస్తుంది. పాల కేంద్రానికి పోసేవాళ్లు గేదెనో, సంకరజాతి ఆవునో కట్టేసుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఇల్లు గడవాలి కదా. కానీ ఆవు లేని చోట గిత్త ఎక్కడి నుంచి వస్తుంది? లక్షలు పోసి పక్క జిల్లాల నుంచి కొనుక్కు రావాల్సిందే. అక్కడా తగ్గిపోతే?

గుంటూరు దగ్గర లాం ఫారంలాంటి చోట్ల ఈ జాతి పరిరక్షణ జరుగుతోంది. అది ఒక్కటే చాలదు. తిరునాళ్లలో గెలిచిన జతకు ఇచ్చే బహుమతిలో కొంత, మంచి ఒంగోలు ఆవును పెంచే రైతుకూ ఇవ్వొచ్చు. బరిలోకి దిగే ప్రతి గిత్తకూ తల్లి, తండ్రి వివరాలు రాయించొచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు... ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను!

కొసమెరుపు ఏమిటంటే, ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన పశువుగా 2023లో గిన్నిస్ రికార్డుకెక్కింది బ్రెజిల్‌లోని నెలోర్ జాతిదే. పేరు వియాటినా-19. దాని విలువను 40 లక్షల డాలర్లకు పైగా లెక్కగట్టారు.

అది గిత్త కాదు. ఆవు!