పెరటి తలుపు గడియ

ఆ మధ్య ఓ మిత్రుడి ఆఫీసుకి వెళ్లాను. పై అంతస్తులో ఉన్న సర్వర్ గదికి వెళ్లకుండానే అక్కడి రూటర్లన్నీ తన సీట్లోంచే సరిచేస్తానని గొప్పగా చెప్పాడు. ఏదీ చూపించమన్నాను. టెల్‌నెట్‌లో ఓ అడ్రసు, పక్కన 2003 కొట్టి ఎంటర్ నొక్కాడు. యూజర్‌నేమ్ అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. నేరుగా రూటర్ పేరు, పక్కన హ్యాష్ గుర్తు! సిస్కో రూటర్‌లో ఆ గుర్తు కనిపించిందంటే సర్వాధికారాలూ మన చేతిలో ఉన్నట్టే.

"రాత్రి మావాడెవడో లాగవుట్ కాకుండా వెళ్లాడేమోరా" అన్నాడు నీళ్లు నములుతూ.

ఆ పనిచేసిపెట్టే పెట్టె పేరు టెర్మినల్ సర్వర్. దాని సీరియల్ పోర్టుల నుంచి ఒక్కో రూటర్ కన్సోల్‌కి ఒక్కో కేబుల్ వెళుతుంది. పాత సిస్కో 2511కి ఇలాంటి లైన్లు 16. 2001 అని కొడితే మొదటి లైను, 2016 అంటే పదహారోది. నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలినా కన్సోల్ పలుకుతుంది కాబట్టి ఇది పెరటి తలుపులాంటిది. చిక్కల్లా అక్కడే. మనం టెల్‌నెట్ విండో మూసేసినా ఆ సంగతి అవతలి కన్సోల్‌కి తెలియదు. మోడెమ్‌లా 'ఫోను పెట్టేశారు' అని చెప్పే ఏర్పాటు దానికి లేదు. తెరిచిన సెషన్ తెరిచినట్టే ఉంటుంది. మామూలుగా పది నిమిషాలకి దానంతటదే ముగియాలి. మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టలేక చాలామంది 'ఎగ్జెక్ టైమౌట్ 0 0' అని పెట్టేస్తారు. మావాడూ ఆ బాపతే. ఇక అది ఎప్పటికీ మూసుకోదు.

కాబట్టి ముందు ప్రతి రూటర్ కన్సోల్‌కీ టైమౌట్ తిరిగి పెట్టించాను. తర్వాత టెర్మినల్ సర్వర్ పని. 1 నుంచి 16 లైన్లకి 'లాగిన్ లోకల్' ఇస్తే పోర్టు దగ్గరే పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. 'నో ఎగ్జెక్' తప్పనిసరి. లేదంటే రూటర్ పంపే అక్షరాలని ఎవరో టైపు చేస్తున్నారనుకుని సర్వర్ జవాబిస్తుంది, ఆ గొడవలో పోర్టు బిజీ అంటుంది. ఎవరి కంప్యూటర్ల నుంచి రావచ్చో యాక్సెస్ లిస్టు రాసి, 'యాక్సెస్ క్లాస్'తో లైన్లకి తగిలించాలి.

ఇక్కడే మావాడు రెండోసారి నాలుక కరుచుకున్నాడు. లిస్టు ఎప్పుడో రాశాడట! కానీ వీటీవై లైన్లకి మాత్రమే తగిలించాడు. సర్వర్‌లోకి లాగినయ్యే వాళ్లని అది ఆపుతుంది కానీ నేరుగా 2003కి వచ్చేవాళ్లు దాని కంటపడరు. ముందు గుమ్మానికి కాపలా పెట్టి పెరడు వదిలేసినట్టు.

టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా వైరు మీద ప్రయాణిస్తుంది. మీ పెట్టెలో ఎస్‌ఎస్‌హెచ్ సదుపాయం ఉంటే దానికే మారండి. రూటర్‌కి ఎలాగూ పాస్‌వర్డ్ ఉందిగా అంటారా? చాలా సిస్కో రూటర్లలో ఆన్ చేసిన తొలి నిమిషంలో కన్సోల్ నుంచి 'బ్రేక్' పంపితే ఆ పాస్‌వర్డ్‌ని దాటేయొచ్చు. మర్చిపోయినవాళ్ల కోసం పెట్టిన సదుపాయం అది.

అన్నీ అయ్యాక మళ్లీ 2003 కొట్టించాను. ఈసారి యూజర్‌నేమ్ అడిగింది. మావాడికి అది గుర్తుకు రావడానికి మరో పావుగంట పట్టింది.