ఉపవాసాలు ఒక్కరికేనా?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. గోదావరి వైపు నుంచి ఒక సోదరి రాశారు. వయస్సు 33. పెళ్ళయి నాలుగేళ్ళు. భర్తకు పొరుగూళ్ళో ఉద్యోగం, పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తారు. "పిల్లలు కలగాలంటే ఏం తినాలి, ఏం మానాలి?" అని ఆవిడ ప్రశ్న. ఇప్పటికే సోమవారం, శనివారం ఉపవాసాలు. పొద్దున్నే పరగడుపున అత్తగారు ఎక్కడినుంచో తెప్పించిన చూర్ణం. బొప్పాయి, నువ్వులు ఇంట్లోకే రానివ్వరట. చివర ఒక ముక్క రాశారు: "మావారికి పరీక్షలేమీ చేయించలేదు. ఆయన ఆరోగ్యంగానే ఉన్నారు గదా!"

తిండి సంగతి తప్పకుండా చెబుతాను. కాని ఆ చివరి ముక్క చదవగానే నాకు మా మేనత్త గుర్తుకొచ్చింది.

రావిచెట్టు చుట్టూ తిరిగి కడుపు తడిమి చూసుకున్నట్టు అని నలుగురూ నవ్వే సామెత ఆవిడకు నిజంగానే జరిగింది. పదేళ్ళపాటు తిరిగింది. వారంలో మూడురోజులు పస్తు. ఆఖరికి మామయ్యకు రెండో పెళ్ళి చేశారు. ఆ రెండో ఆవిడకూ కడుపు పండలేదు. అప్పుడైనా ఎవరికైనా అనుమానం వచ్చిందా? లేదు. "పాపం, ఇద్దరూ గొడ్రాళ్ళే దొరికారు" అని అందరూ మామయ్య మీదే జాలిపడ్డారు! తప్పంతా తనదేననుకుంటూనే మా అత్త కన్నుమూసింది.

సంతానం కలగని దంపతుల్లో దాదాపు సగంమంది విషయంలో, భర్తలో లోపం ఒక్కటే కావచ్చు, లేదా ఇద్దరిలోనూ కొంత ఉండవచ్చు. మనిషి దుక్కలా ఉన్నంత మాత్రాన వీర్యకణాలు సరిగా ఉన్నాయని కాదు. అది పరీక్షలోనే తెలుస్తుంది. ఆ పరీక్షకు కోత లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు ఎడంగా ఉండి నమూనా ఇస్తే చాలు. ఒకసారి తక్కువ వచ్చినా బెంగపడకుండా మళ్ళీ చేయించుకోవాలి. ఆడవారికి చేసే పరీక్షలతో పోలిస్తే ఇదెంత?

ఇక తిండి. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 17 వేలకు పైగా స్త్రీల ఆహారాన్ని కొన్నేళ్ళపాటు గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. పప్పుదినుసుల మాంసకృత్తులు, ముడి ధాన్యాలు ఎక్కువగా, వనస్పతిలాంటి గట్టిపరచిన కొవ్వులు తక్కువగా తిన్నవారిలో అండం విడుదల కాని ఇబ్బంది తక్కువగా కనిపించింది. తిండే కారణమని దీనివల్ల రుజువైపోలేదు. కాని ఆ తిండి మన వంటింటికి కొత్తదేమీ కాదు. రోజూ కందిపప్పో, పెసరపప్పో, ఉలవలో ఉండాలి. తోటకూర, పాలకూర, మునగాకు మార్చి మార్చి వండండి. అప్పుడప్పుడు తెల్లన్నం బదులు జొన్నరొట్టె, రాగిసంకటి. గుప్పెడు వేరుశనగపప్పు, పెరుగు, తినేవారైతే గుడ్డు, చేప. పండిన బొప్పాయి, నువ్వులు తింటే గర్భం రాదనడానికి ఆధారం లేదు. నిశ్చింతగా తినండి.

ఉపవాసాల మాటకొస్తే, బక్కపలచని మనిషి కడుపు మాడ్చుకుంటే అండం విడుదల కావడమే ఆగిపోవచ్చు. దేవుడికి దణ్ణం పెట్టుకోండి, కాని అన్నం తిని పెట్టుకోండి. లావుగా ఉండి, అండాశయంలో నీటిబుడగల వ్యాధితో నెలసరి తప్పేవారి సంగతి వేరు. వారు బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్ళు తగ్గినా చాలామందికి నెలసరి దారిన పడుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు.

తిండితోపాటు ఇంకొకటి కావాలి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ మాత్ర, గర్భం రాకముందునుంచే, మూడో నెల నిండేదాకా. ఇది గర్భం తెప్పించేది కాదు. బిడ్డకు వెన్నుపాము, మెదడు లోపాలు రాకుండా కాపాడేది.

మగవారికి కూడా ఇదే కంచం. సిగరెట్టు, ఖైనీ, మద్యం మానాలి. కండలకోసం వేసుకునే హార్మోను ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. కొత్త కణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, ఇవాళ మానితే మూడు నెలలకు గాని ఫలితం కనపడదు. జింకు, ఫోలిక్ ఆసిడ్ కలిపి మగవారికిస్తే లాభముంటుందని ఆశపడి చూశారు. 2020లో వెలువడిన పెద్ద పరిశోధనలో లాభం కనిపించలేదు.

సోదరీ, మీ ఉత్తరంలో మీరే గమనించని సంగతి ఒకటుంది. విడుదలైన అండం బతికేది ఒక్కరోజు. వీర్యకణాలు అయిదు రోజులదాకా బతకగలవు. అంటే నెలలో పనికివచ్చేవి ఆరు రోజులే. 28 రోజులకు నెలసరి వచ్చేవారికి అవి సుమారుగా 10వ రోజు నుంచి 16వ రోజు లోపల పడతాయి. పదిహేను రోజులకొకసారి వచ్చే భర్త ఆ రోజులకు తప్పిపోతూ ఉండవచ్చు. సెలవు ఏ వారంలో పెట్టాలో క్యాలెండరు ముందు కూర్చుని ఇద్దరూ లెక్కవేసుకోండి.

అయితే మూసుకుపోయిన గర్భనాళాలను ఏ ఆకుకూరా తెరవలేదు. మన దేశంలో క్షయ కూడా వాటిని పాడుచేస్తుంది. థైరాయిడ్ లోపం పథ్యంతో పోదు. ఏడాదిపాటు ప్రయత్నించినా ఫలితం లేకపోతే, 35 దాటినవారైతే ఆరు నెలలకే, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మీకు నాలుగేళ్ళు గడిచాయి. ఇంకో ఏడాది చూర్ణానికి అర్పించకండి. అలాంటి కొన్ని చూర్ణాల్లో సీసం, పాదరసం బయటపడ్డాయి. అదేమిటో డాక్టరుకు చూపించేదాకా పక్కన పెట్టండి.

అత్తగారి మీద కోపం వద్దు. మనవడో మనవరాలో కావాలన్న ఆరాటమే ఆవిడది. "అత్తయ్యా, చూర్ణం బదులు మునగాకు పప్పు చెయ్యండి, ఇద్దరం తింటాం" అని చెప్పి చూడండి.

మీవారు ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఈ పుట ఆయన ముందు పెట్టండి. డాక్టరు దగ్గరకు ఇద్దరూ కలిసే వెళ్ళండి. మా మేనత్తకు అలా వెంట వచ్చేవారు లేకపోయారు.