కూర్మదర్శనము

మావీ ద్వీపమున ఉదయము పడవ యెక్కి, మోలొకిని చూచి, మకేనా తీరమున తాబేళ్ల నడుమ నీదులాడి మధ్యాహ్నమునకు మరలుట హవాయి వెళ్లువారికి, అందు మన ప్రవాసాంధ్రులకును, వేడుకయైనది. చూచుట తప్పని నేననను. కాని యిది చూచుటయేనా? పచ్చతాబేలు చేప కాదు. దానికి ఊపిరితిత్తులు కలవు. పైకివచ్చి గాలి పీల్చుకొననిదే బ్రదుకజాలదు. సరిగా ఆ క్షణముననే పదిమంది గొట్టములు నోటబెట్టుకొని, కెమెరాలు చేతబట్టుకొని దానిని చుట్టుముట్టుదురు! 1978 నుండి అమెరికా శాసనము దానిని రక్షించుచున్నది. పది అడుగుల దూరముండుడని అధికారులు చెప్పుచునే యున్నారు. పడవవాడు వినిపించును, ప్రయాణికుడు తలయూపును, నీట దిగినంతనే చేయి చాచును. "ఒక్కమారు తాకిన నేమి?" అందురు. మీకొక్కమారే, ఆ ప్రాణికి దినదినమును పడవ వెంట పడవ. శ్రీకూర్మమున కూర్మనాథునకు మ్రొక్కిన చేతులే యిచ్చట దాని వీపు తడవబోవుట యేమి భక్తియో! పగడములకు హానియని ఆక్సీబెంజోను గల ఎండలేపనముల విక్రయమును హవాయి 2021లో నిలిపివేసినది. లేపనము నంగడిలో ఆపవచ్చును. చేతిని నడిసముద్రమున ఎవరాపవలెను? తాకినవానిని తక్షణమే పడవమీదికి పిలిచి కూర్చుండబెట్టు యజమానికే మన రుసుము చెల్లింతము. తక్కినవారి పడవలు ఖాళీగా పోనిండు.